నూటికి నాలుగు

చింతూరు ఎక్కడికీ కదల్లేదు. శబరి ఒడ్డున, భద్రాచలం నుంచి కుంట మీదుగా బస్తరుకు పోయే బాట మీద, ఉన్నచోటే ఉంది. కదిలిందల్లా దాని చుట్టూ గీసిన గీత. భద్రాచలం, రేకపల్లి తాలూకాల ఈ సీమ 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. ఎగువ గోదావరి జిల్లా అన్న పేరుతో కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మారింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి వెళ్లింది. రాష్ట్రం విడిపోయిన 2014లో మళ్లీ తూర్పు గోదావరికి తిరిగొచ్చింది. 2022 ఏప్రిల్ 4న కొత్తగా పుట్టిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇన్ని మార్పుల్లోనూ శబరి పారే దారి మారలేదు, కొండవాలున పోడు కొట్టే చేయి మారలేదు.

గీత జరిగితే నేల జరగదని ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మగవాడి వీర్య పరీక్ష కాగితం చదవడానికి కావలసిన తెలివిడి కూడా అదే.

ఆ కాగితంలో కణాల లెక్క ఉంటుంది, కదలిక ఉంటుంది. వాటి కింద ‘నార్మల్ ఫార్మ్స్’ అని ఒక వరస, దాని ఎదురుగా ఒక అంకె. మూడు శాతం అని ఉందనుకుందాం. అంటే నూరు కణాలను చూస్తే తొంభై ఏడింటి రూపం సరిగా లేదని. తలో, మెడో, తోకో ఎక్కడో వంకర. దీన్ని డాక్టర్లు టెరటోజూస్పెర్మియా అంటారు. గ్రీకులో ‘టెరస్’ అంటే వికృతరూపం, రాక్షసాకారం. అంత మాట పడ్డాక ఇంటికొచ్చే మగవాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పక్కనే చిన్న అక్షరాల్లో ‘నాలుగు, ఆపైన’ అని ఉన్న సంగతి చాలామంది చూడరు. చూసినా, ఆరోగ్యవంతుడికి నూటికి నాలుగు బాగుంటే చాలా అని నమ్మబుద్ధి కాదు.

ఆ నాలుగు మొదటి నుంచీ నాలుగు కాదు. దానికీ ఓ చరిత్ర ఉంది.

అది హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో ఒక బట్టల వర్తకుడితో మొదలవుతుంది. అంటోనీ వాన్ లీవెన్‌హుక్ గుడ్డల నేత పరీక్షించడానికి వాడే భూతద్దాలతో మొదలుపెట్టి, సొంతంగా గాజు సానపట్టి, తన కాలంలో ఎవరికీ లేని కటకాలు తయారుచేశాడు. 1677లో లైడెన్‌లో వైద్యం చదువుతున్న యోహాన్ హామ్ అనే కుర్రాడు సెగ రోగి నుంచి తీసిన ద్రవం తెచ్చి, ఇందులో తోకలున్న జీవులేవో కదులుతున్నాయన్నాడు. అవి జబ్బువల్ల పుట్టాయని అతని అనుమానం. లీవెన్‌హుక్ ఆరోగ్యవంతుడి వీర్యంలో, అంటే తనదానిలోనే, చూశాడు. భార్యతో కాపురం చేశాక మిగిలినదాన్ని, నాడి ఆరుసార్లు కొట్టుకునేలోపే కటకం కిందికి తెచ్చానని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. పాపపు పని చేసి తీసింది కాదని ప్రత్యేకంగా విన్నవించుకున్నాడు. పండితులకు ఏవగింపుగా తోస్తే అచ్చు వేయవద్దనీ అన్నాడు. వాళ్లు వేశారు.

చూడటం ఒక ఎత్తు, చూసినదేమిటో తెలియడం ఇంకో ఎత్తు. 1694లో నికొలాస్ హార్ట్‌సూకర్ ఒక బొమ్మ గీశాడు: వీర్యకణం తలలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న బుల్లి మనిషి. తాను చూశానని చెప్పలేదు, చూడగలిగితే ఇలా ఉండవచ్చు అన్నాడు. అయినా బొమ్మ నిలిచిపోయింది. ఇటలీలో స్పలంజానీ మగకప్పలకు మైనపుగుడ్డ లాగులు తొడిగి, ద్రవం తగలకపోతే గుడ్లు ఫలించవని తేల్చాడు. 1780లో ఆడకుక్కకు కృత్రిమంగా గర్భం తెప్పించాడు. అంత చేసినవాడు కూడా గర్భానికి ఆ తోకజీవులే కారణమని ఒప్పుకోలేదు. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు ఉర్చిన్ గుడ్డులో రెండు కేంద్రకాలు కలిసిపోవడం చూశాకగానీ, ఒక్క కణం ఒక్క అండంలోకి వెళ్లడమే మొదలని స్థిరపడలేదు. కణాన్ని చూడటానికీ దాని పనిని అర్థం చేసుకోవడానికీ మధ్య రెండు వందల ఏళ్లు గడిచాయి.

ఈ రెండు వందల ఏళ్లలో మన ఇళ్లలో తీర్పు మాత్రం ఆగలేదు. మన ధర్మశాస్త్రాల్లో మగవాడు బీజం, ఆడది క్షేత్రం. పంట పండకపోతే నింద పొలానిది. తెలుగులో ‘గొడ్రాలు’ అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. దానికి జోడీగా మగవాడిని అనే మాట వాడుకలో ఏదీ అంత గట్టిగా నిలవలేదు. ‘నపుంసకుడు’ అన్నది వేరే సంగతి. కాపురానికి పనికిరాకపోవడం ఒకటి, కాపురం చక్కగా చేస్తూ కణాల్లో లోపం ఉండటం మరొకటి. ఈ రెండోదానికి పేరే లేదు. పేరు లేనిది ఉన్నట్టు ఎవరికి తోస్తుంది? భద్రాచలం రాముడి కథ కూడా సంతానం లేని తండ్రితోనే మొదలవుతుంది. ముగ్గురు భార్యలుండీ దశరథుడికి పిల్లల్లేరు. యాగం చేసింది ఆయన, పాయసం తాగింది రాణులు.

చిత్రమేమిటంటే, పోడు చేసే కొండరెడ్డి గానీ కోయ రైతు గానీ మొలక రాకపోతే ముందు అనుమానించేది విత్తనాన్నే. పోయినేటి జొన్న కంకుల్లో మంచివి ఏరి, పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసి దాచేది అందుకే. ఈ సమాజాల్లో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఆలుమగలు విడిపోవడం, మారుమనువు ఇక్కడ తప్పు కాదు. పిల్లలు పుట్టలేదని విడిపోయిన ఆడమనిషి ఇంకో ఇంట కాపురానికి వెళ్లి బిడ్డను ఎత్తుకుంటే, లోపం ఎక్కడుందో మైక్రోస్కోప్ లేకుండానే ఊరికి తెలిసిపోతుంది. మైదానంలో మగవాడికి మాత్రమే రెండో పెళ్లి చెల్లిన కులాల్లో ఆ సాక్ష్యం దొరకాలంటే రెండో భార్యకూ కడుపు పండకుండా ఉండాలి. అప్పుడు కూడా ఇద్దరినీ గొడ్రాళ్లనే అన్నారు.

మనిషి విషయంలో ఇంత మొహమాటపడ్డ లోకం ఆంబోతు విషయంలో పడలేదు. పనికిరాని ఆంబోతును పోషిస్తే మంద మొత్తం నష్టపోతుంది, ఆ నష్టం రూపాయల్లో కనిపిస్తుంది. అందుకే వీర్యకణం ఆకారానికీ గర్భానికీ ఉన్న సంబంధాన్ని మొదట్లో గట్టిగా పట్టుకున్నవాళ్లలో పశువైద్యులున్నారు. 1925లో అమెరికాలో విలియమ్స్, సావేజ్ అనే ఇద్దరు ఆంబోతుల కణాల తలలు కొలిచి, ఆవులకు చూడి నిలపలేని ఎద్దుల్లో వంకర కణాలు ఎక్కువని రాశారు. ఇప్పటికీ ఆంబోతు మంచిదనడానికి నూటికి డెబ్బై కణాలైనా సక్రమంగా ఉండాలని పశువైద్యుల లెక్క. మనిషికి నాలుగు చాలట. ఈ తేడా చూసి కంగారు పడనక్కర్లేదు. వీర్యకణాల్లో ఇన్ని రకాల ఆకారాలు కలగాపులగంగా ఉండటం మన జాతి లక్షణం, గొరిల్లాదీ దాదాపు అదే తీరు.

హైదరాబాదు కూడా ఈ కథలోకి ఎద్దు మీదే వచ్చింది. పుష్ప మిత్ర భార్గవ 1950ల్లో లండన్‌లో ఆంబోతు వీర్యకణాల రసాయన నిర్మాణం మీద పనిచేశారు. ఆ ఆసక్తినే వెంట తెచ్చుకున్నారు. 1979లో ఆయన, ఇ.ఎస్.పి. రెడ్డి కలిసి ఎద్దు వీర్యద్రవంలో బాక్టీరియాను అణిచే సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రొటీన్ గురించి ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. 1977లో హైదరాబాదులో భార్గవ నాయకత్వంలో మొదలైన పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే తర్వాతి కాలంలో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం సంతానం లేని భారతీయ పురుషుల వై క్రోమోజోములో తెగిపోయిన ముక్కలను వెతికింది. మగవాడి లోపానికి తెలుగు నేల మీద జన్యు ఆధారం చూపించే పని అలా మొదలైంది.

ఇక మనిషి కణాన్ని ఓపిగ్గా లెక్కపెట్టినవాడు న్యూయార్క్ కార్నెల్ వైద్య కళాశాలలో జాన్ మెక్లాయిడ్. 1951లో ఆయన, రూత్ గోల్డ్ కలిసి తండ్రులైన వెయ్యి మందినీ, పిల్లల్లేని దంపతుల్లోని వెయ్యి మంది మగవాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. అదే ఏడు మెక్లాయిడ్ ఇంకో సంగతి రాశాడు. ఆటలమ్మ, న్యుమోనియా లాంటి జ్వరాలు వచ్చిపోయాక వారాల తరబడి కణాల సంఖ్య పడిపోయి, రూపం చెదిరిపోయి ఉంటుందని. వృషణాలు ఒంటి వేడికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగా పనిచేస్తాయి. ఒళ్లు కాలిపోతుంటే ఆ కార్ఖానా గాడి తప్పుతుంది. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుందని 1960ల్లో హెలర్, క్లెర్మాంట్ చూపించాక లెక్క కుదిరింది: ఇవాళ గాజుపలక మీద కనిపించే వంకర తల రెండున్నర నెలల కిందటి జ్వరానిది కావచ్చు.

చింతూరు మన్యంలో ఈ మాట తేలిగ్గా తీసుకునేది కాదు. చలిజ్వరం ఇక్కడ వానాకాలంతో పాటు వచ్చే చుట్టం. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి వచ్చిన సిపాయిలను కూడా మన్యపు జ్వరం వదల్లేదు. జూలై, ఆగస్టుల్లో మలేరియాతో పడి లేచిన మనిషికి సెప్టెంబరులో వీర్య పరీక్ష చేస్తే అందులో కనిపించేది అతని స్వభావం కాకపోవచ్చు, జ్వరం వదిలిన జాడ కావచ్చు. అందుకే ఒక్క కాగితంతో తేల్చకుండా, మూడు నెలలాగి మళ్లీ చూడమంటారు.

మైక్రోస్కోప్ ఈ కొండలకు కొత్తేమీ కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది కటకం కిందే, ఆ జ్వరం నిర్ధారణ కూడా చాలాకాలంగా ఎక్కువగా కటకం కిందే జరుగుతోంది. ఏజెన్సీలో రక్తపూత తెలియని ఇల్లు ఉండదు. వేలు గుచ్చుతారు, చుక్కను గాజుపలక మీద పూస్తారు, ఆరబెట్టి రంగు వేస్తారు. మన మలేరియా కార్యక్రమంలో వాడుతూ వచ్చిన జె.ఎస్.బి. రంగు 1944లో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ తయారుచేసినది. రంగు ఆరాక చుక్క నూనె వేసి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే ఎర్రకణంలో చిన్న ఉంగరంలా క్రిమి కనిపిస్తుంది. ఎర్రకణం కొడవలిలా వంగి కనిపిస్తే అది మలేరియా లెక్కలోకి రాదు, తరతరాలుగా సంక్రమించే కొడవలి కణ వ్యాధి. అదీ ఈ గిరిజన సీమల్లో ఉన్నదే. 2023 జూలై 1న దాని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది. ఆకారం చూసి జబ్బు పేరు చెప్పడం ఇక్కడ అలవాటైన విద్యే.

వీర్యకణాన్ని చూసే పద్ధతీ ఇదే, కాకపోతే ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. పలుచగా పూసి ఆరబెట్టి, పాపనికొలావు పద్ధతిలో రంగు వేస్తారు. అదే నూనె చుక్క, అవే వెయ్యి రెట్లు. ఎర్రకణం ఏడు ఎనిమిది మైక్రాన్లుంటే, వీర్యకణం తల పొడవు నాలుగు మైక్రాన్ల చిల్లర, వెడల్పు మూడుకు కొంచెం తక్కువ. కోడిగుడ్డులా నున్నగా ఉండాలి. దాని ముందు భాగంలో 40 నుంచి 70 శాతం టోపీలా కప్పి ఉండే పొర పేరు అక్రోజోమ్. అండం గోడను కరిగించే రసాలు ఉండేది అందులోనే. తలలో ఒకటి రెండు చిన్న బుడగల్లాంటి ఖాళీలుంటే ఫరవాలేదు. తల వెనక సన్నటి నడిమి భాగం, పొడవులో ఇంచుమించు తలంతే. ఆపైన తలకు పది రెట్లు పొడవైన తోక. టెక్నీషియన్ ఇలా కనీసం రెండు వందల కణాలను ఒక్కొక్కటీ చూసి, బాగున్నది, బాగోనిది అని విడగొట్టాలి. కొంచెం అటూ ఇటూగా ఉన్నదాన్ని ఏ గంపలో వేయాలి? గొడవంతా ఇక్కడే.

మొదట్లో ఆ అటూ ఇటూ కణాలను మంచి గంపలోనే వేసేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్య పరీక్షల కోసం వేసే పుస్తకంలో 1987లో నూటికి యాభై కణాలు సక్రమంగా ఉండాలంది. 1992లో ముప్పై అంది. ఈలోగా 1986లో దక్షిణాఫ్రికాలోని టైగర్‌బర్గ్ ఆసుపత్రిలో టైనస్ క్రూగర్ బృందం ప్రశ్నను తిరగేసింది: మంచి కణం అంటే ఏది? అందుకు వాళ్లు దాంపత్యం తర్వాత గర్భాశయ ముఖద్వారపు జిగురును దాటుకుని లోపలికి చేరిన కణాలను చూశారు. స్త్రీ శరీరమే జల్లెడ పట్టి వదిలిన కణాలవి. దాదాపు అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. ఆ అచ్చుకు ఏమాత్రం తేడా ఉన్నా చెడ్డ గంపలో వేయాలని నియమం పెట్టారు. అంత కఠినంగా చూస్తే మంచివాటి శాతం దానంతటదే పడిపోయింది. టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో 14 శాతం దాటితే ఫలితం బాగుందని మొదట రాశారు. తర్వాత, నాలుగు లోపైతే అండం ఫలించడం బాగా తగ్గుతోందన్నారు.

2010 పుస్తకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కఠిన నియమాన్నే తీసుకుని, లెక్క ఇంకో దారిన కట్టింది. మూడు ఖండాల్లోని ఎనిమిది దేశాల నుంచి, భార్యకు ఏడాదిలోపు గర్భం నిలిచిన పందొమ్మిది వందల మందికి పైగా మగవాళ్ల నివేదికలు తీసుకుంది. వాళ్లను వరసలో నిలబెట్టి, అడుగు నుంచి ఐదో శాతం దగ్గర గీత గీసింది. ఆ గీత నాలుగు దగ్గర పడింది. 2021లో మరిన్ని దేశాల లెక్కలు చేర్చి చూసినా నాలుగు దగ్గరే నిలిచింది.

గీత ఎలా పడిందో చూస్తే కాగితం అర్థం మారిపోతుంది. యాభై నుంచి నాలుగుకు దిగింది మగతనం కాదు, కొలబద్ద. ఆ గీత కింద ఉన్న ఐదు శాతం మందీ తండ్రులైనవాళ్లే, ఏడాది తిరగకుండా. ఆరోగ్యవంతుడి ఒక్క స్ఖలనంలో ఉండాల్సిన అతి తక్కువ లెక్క 3 కోట్ల 90 లక్షల కణాలు. అందులో నాలుగు శాతమంటే పదిహేను లక్షలకు పైనే. అండానికి కావలసింది ఒక్కటి. 2001లో అమెరికాలో గుజిక్ బృందం సంతానం లేని జంటల్లోని 765 మంది మగవాళ్లనూ, తండ్రులైన 696 మందినీ పోల్చింది. సంఖ్య, కదలిక, రూపం మూడూ ఎంతో కొంత చెబుతున్నా ఏ ఒక్కటీ తనంతట తాను తీర్పు చెప్పలేదని తేల్చింది. గీతకు అటూ ఇటూ కూడా తండ్రులున్నారు, కానివాళ్లూ ఉన్నారు.

అలాగని ఆకారం ఉత్తమాట కూడా కాదు. కొన్ని జాడ్యాల్లో అదే సర్వస్వం. గ్లోబోజూస్పెర్మియాలో తలలన్నీ గోళీల్లా గుండ్రంగా ఉంటాయి, అక్రోజోమ్ ఉండదు. తాళంచెవి లేనివాడు తలుపు ముందు నిలబడ్డట్టు ఆ కణం అండం గోడ దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువమందిలో దీనికి కారణం డీపీవై19ఎల్2 జన్యులోపమని 2011లో తెలిసింది. ఇంకొందరిలో తలలు మితిమీరి పెద్దవిగా, ఒకటికి నాలుగు తోకలతో ఉంటాయి. క్రోమోజోములు సరిగా పంచుకోకపోవడం వల్ల వచ్చే ఈ లోపం ఉత్తరాఫ్రికాలో ఎక్కువ, ఏయూఆర్‌కేసీ జన్యువు మూలమని 2007లో గుర్తించారు. మరికొందరికి తోకలే పొట్టివో, మెలికలు తిరిగినవో. వీళ్లలో నూటికి నూరూ ఒకే తీరున చెడి ఉంటాయి. మామూలు కాగితాల్లో కనిపించే మూడు శాతం, రెండు శాతం ఆ కోవలోకి రావు.

కొడవలి కణ వ్యాధి ఇక్కడ మళ్లీ అడ్డం వస్తుంది. ఆ వ్యాధి ఉన్న మగవాళ్లలో కణాల సంఖ్యా రూపమూ దెబ్బతింటాయని 1981లోనే నైజీరియా వైద్యులు లాన్సెట్‌లో రాశారు. ఒళ్లునొప్పుల పోట్లు తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు ప్రాణాలు కాపాడేదే అయినా వీర్యకణాల మీద దాని ప్రభావం ఉంటుంది. పెళ్లీడు కుర్రాడికి ఆ మందు మొదలుపెట్టేటప్పుడే ఈ సంగతి చెప్పాలి, డాక్టరును అడక్కుండా మందు మానేయనివ్వకూడదు. వీటికి తోడు పొగాకు, సారా, వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్, పొలంలో కొట్టే కొన్ని పురుగుమందులు. కొన్నింటిని మానేయవచ్చు, కొన్నింటికి వైద్యం ఉంది.

వీటిలో ఏదీ కుదరనప్పుడు ఇక్సీ ఉంది. 1992లో బ్రస్సెల్స్‌లో జియాన్‌పియరో పలెర్మో బృందం ఒక్క వీర్యకణాన్ని సన్నటి గాజు సూదితో నేరుగా అండంలోకి ఎక్కించి బిడ్డలు పుట్టిన సంగతి ప్రకటించింది. ఈత రాకపోయినా, తలుపు తీయలేకపోయినా కణాన్ని ఎత్తుకెళ్లి లోపల దింపే పద్ధతి అది. అప్పటికి మన దేశంలో టెస్ట్ ట్యూబ్ పుట్టుకలకు పద్నాలుగేళ్లు. 1978 అక్టోబరు 3న కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ చేతుల్లో మొదటి పాప పుట్టినా, ఆయన బతికుండగా ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు పట్టణాల్లో వీధివీధికీ సంతాన కేంద్రం బోర్డులు. వాటిని అదుపులో పెట్టడానికి 2021లో చట్టం వచ్చింది. చింతూరు నుంచి అటు ఖమ్మమైనా, ఇటు మారేడుమిల్లి ఘాటు దిగి రాజమహేంద్రవరమైనా బస్సెక్కి వెళ్లాల్సిందే. అంత దూరం వెళ్లిన జంట మొదటి కాగితంలో మూడు శాతం చూసి లక్షల ఖర్చుకు తలూపే ముందు, రెండో పరీక్ష చేయించడం, మూడు నెలల్లో వచ్చిన జ్వరం సంగతి డాక్టరుకు చెప్పడం ఖర్చులేని పనులు.

ఇంకోటి కూడా చూడాలి. పరీక్ష కాగితం మీద ఎక్కడో ఒక మూల, ఏ సంవత్సరపు పుస్తకం ప్రకారం కొలిచారో ఉంటుంది. ‘ఐదో ముద్రణ’, ‘ఆరో ముద్రణ’ అని. అది లేకుండా ముప్పై అన్నా, నాలుగన్నా అర్థం లేదు. చింతూరు మండలంలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే ఇలాంటి కాగితాలే బయటపడతాయి. పదో తరగతి సర్టిఫికెట్ మీద ఖమ్మం జిల్లా, 2014 తర్వాతి కార్డు మీద తూర్పు గోదావరి, ఆ పైదాని మీద అల్లూరి సీతారామరాజు. ఇంటి పేరు అదే, ఊరు అదే. వాటి మధ్య మడిచిపెట్టిన పరీక్ష కాగితాన్ని కూడా తేదీ చూసే చదవాలి.